వంద మార్కుల నీళ్ళు

అలేఖ్య భర్త గౌతమ్‌కు పరీక్ష పెట్టకుండా దేన్నీ ఇంట్లోకి రానిచ్చే అలవాటు లేదు. పాలవాడి దగ్గర నుంచి వంటమనిషి దాకా అందరూ ఆయన దగ్గర ఏదో ఒక పరీక్షలో గట్టెక్కినవాళ్ళే. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో లైనుకు ఎదురుగా ఆయనకు పోటీపరీక్షల కోచింగ్ సెంటరు ఉంది. ఏళ్ళ తరబడి ఊరివాళ్ళ పిల్లలకు మార్కులు వేసీ వేసీ, ఏ వస్తువు కంటబడినా దాని పక్కన ఒక అంకె కూడా కనపడితే గాని ఆయనకు అది ఉన్నట్టే అనిపించదు. పెళ్ళిచూపులనాడు తనకూ ఎన్నో కొన్ని వేసే ఉంటాడని అలేఖ్యకు గట్టి నమ్మకం. ఎన్ని వేశాడో ఆమె ఎన్నడూ అడగలేదు. అడిగితే సిగ్గుపడకుండా చెప్పేస్తాడని ఆమె భయం.

ఇలాంటి మనిషి ఇంట్లో ఈతకొలను తవ్వించాడంటే దానికి కారణం అలేఖ్య నడుము. వెన్నుపూసల మధ్య డిస్కు జరిగిందనీ, ఆపరేషన్ దాకా పోకూడదనుకుంటే రోజూ ఈత కొట్టమనీ డాక్టరు చెప్పాడు. అల్మాస్‌గూడలో కొత్త ఇల్లు అప్పుడే స్లాబు పోసుకుని ఉంది, వెనక ఖాళీ జాగా ఉంది. నీ కోసం పూల్ కట్టిస్తానన్నాడు గౌతమ్. కాపురానికి వచ్చాక ఆయన నోట "నీ కోసం" అన్న మాట రావడం అదే మొదలు.

దుగ్గిరాల దగ్గర కాలవ గట్టు మీద పెరిగిన పిల్ల ఆమె. నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టుకుని ఈత మొదలుపెట్టి, ఆ వేసవి పోకముందే వాటిని విప్పి అవతల పారేసింది. కాలవకు అడ్డంగా అన్నదమ్ములతో పందెం వేసి, వాళ్ళకంటే ముందు అవతలి గట్టు పట్టుకుని, వెనక్కి తిరిగి వెక్కిరించేది. ఓణీలు వేయగానే కాలవ మాన్పించారు. ఆ తరవాత ఒంటికి నీళ్ళు తగలడమంటే బాత్రూములో బకెట్టూ చెంబూ. డాక్టరు ఈత అనగానే ఆమె నొప్పి మాట మరిచిపోయి చిన్నపిల్లలా సంబరపడింది. ఆ సంబరం ఇంట్లో ఎవరికీ చూపించలేదు. చూపిస్తే దానికీ ఎవరో ఒకరు మార్కులు వేస్తారు.

కొలను కట్టడం అయింది. నీలం పలకలు పరిచారు. ఇక మిగిలింది నీళ్ళను శుభ్రంగా ఉంచే యంత్రం. డబ్బాల్లో వచ్చే క్లోరిన్ కలుపుకోవడం పాత పద్ధతి. ఇప్పుడు ఉప్పు పద్ధతి వచ్చింది. కొలను నీళ్ళలో కాస్త ఉప్పు కరిగించి, ఆ నీళ్ళను కరెంటు పారే రేకుల మధ్య నుంచి పంపిస్తే ఉప్పులోంచే క్లోరిన్ పుడుతుంది. దానికి తోడు ఇంకో పెట్టె ఉంటుంది. నీళ్ళు ఎలా ఉన్నాయో అదే కొలుచుకుని, తక్కువైంది అదే కలుపుకుని, మోటారు అదే వేసుకుని అదే ఆపుకుని, ఆ కబుర్లన్నీ యజమాని ఫోనుకు చేరవేస్తుంది. మామూలు మనుషులైతే ఎల్బీనగర్ వెళ్ళి ఇద్దరు ముగ్గురు డీలర్లను కనుక్కుని, సాయంత్రానికి ఏదో ఒకటి తేల్చుకుని వస్తారు. గౌతమ్ మామూలు మనిషి కాడు. పైగా ఆయనకు బావ ప్రసన్నకుమార్ తోడయ్యాడు.

ప్రసన్నకుమార్ అంటే గౌతమ్ చెల్లెలి భర్త. సాఫ్ట్‌వేర్‌లో ఏదో పెద్ద ఉద్యోగం. ఆ ఉద్యోగంలో ఏం చేస్తాడో కట్టుకున్న పెళ్ళానికే తెలియదు. ఇంట్లో గీజరు ఫోనుతో వేస్తాడు, కర్టెన్లు ఫోనుతో లాగుతాడు, కరెంటు పోతే మాత్రం కొవ్వొత్తి ఎక్కడుందని పెళ్ళాన్ని కేకేస్తాడు. కొలను సంగతి చెవిన పడగానే ఆదివారం పూట ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో అనుకుందామంటే, ఇక్కడ కందకూ దురద దండిగానే ఉంది. బావాబావమరుదులిద్దరూ టీవీ తెర మీద గడులు గీసి, ఏ గుణానికి ఎన్ని మార్కులో పంచుకున్నారు. ఫోనులో కనపడే తీరుకు అన్నిటికంటే ఎక్కువ వేశారు. నీళ్ళలోకి దిగిన మనిషికి ఎలా ఉంటుందన్న గడి ఒకటి అందులో లేదు. అలేఖ్య ఆ మాటే అడిగితే ప్రసన్నకుమార్ జాలిగా నవ్వి, అది సబ్జెక్టివ్ అక్కయ్యా, కొలవలేం అన్నాడు. కొలవలేనిది ఈ ఇంట్లో బతకలేదని ఆమెకు ఎప్పుడో తెలుసు.

కోచింగ్ సెంటర్లలో కొత్త లెక్చరర్ని తీసుకునే ముందు డెమో క్లాసు చెప్పించుకోవడం ఆనవాయితీ. యజమాని మొదటి బెంచీలో కూర్చుంటాడు, వచ్చినవాడు బోర్డు ముందు నిలబడి చెమటలు కక్కుతూ పాఠం చెబుతాడు. గౌతమ్ ఉప్పు యంత్రాలకు కూడా అదే ఆనవాయితీ పాటించాడు. డీలర్లు ముగ్గురినీ సెంటరుకు పిలిపించి, ఒక్కొక్కరినీ వైట్‌బోర్డు ముందు నిలబెట్టాడు. మొదటి బెంచీలో తను, పక్కన బావ, ఆ పక్కన శాలువా కప్పుకుని తల్లి ఇందిరాదేవి. అలేఖ్య వెనక బెంచీలో కూర్చుంది. నడుము పట్టేస్తే లేచి గోడకు ఆనుకోవచ్చని.

మొదటి డీలరు ఎల్బీనగర్ రింగురోడ్డు మీద షోరూమున్న పెద్దమనిషి. ఆ ఎండలో కోటు వేసుకొచ్చాడు. మీ ఇంట్లో సముద్రమే ఉంటుంది సార్ అని మొదలుపెట్టాడు. అల్మాస్‌గూడలో సముద్రం కావాలని అడిగినవాడెవడో చెప్పలేదు. రెండో అతను తన యంత్రంలో క్లోరిన్ అనేదే ఉండదని ఒట్టేసినంత పని చేశాడు. అలేఖ్య డిగ్రీలో రసాయనశాస్త్రం చదివింది. ఉప్పులోంచి వచ్చేదే క్లోరిన్ కదండీ అని వెనక నుంచి అడిగింది. గౌతమ్ తల తిప్పకుండానే చెయ్యెత్తి, డౌట్లన్నీ చివర్లో అన్నాడు. ఆ చివర రాలేదు. మూడో డీలరు నీళ్ళ ఊసే ఎత్తలేదు. ఫోను తీసి తెర చూపించాడు. తెర నిండా పచ్చటి గుండ్రం, గుండ్రం నడుమ నూటికి తొంభై ఎనిమిది. ఏంటది అన్నాడు గౌతమ్, ముందుకు వంగి. నీళ్ళ ఆరోగ్యం సార్, స్కోరు, ఎప్పటికప్పుడు వందకు ఎంతో చూపిస్తుంది అన్నాడు వాడు. గౌతమ్ మొహం వెలిగిపోయింది. పాత పరిచయస్థుణ్ణి పరాయి ఊళ్ళో చూసినవాడిలా ఆ అంకె వంక చూస్తూ ఉండిపోయాడు.

ముగ్గురినీ, వాళ్ళు సర్దుకుని వెళ్ళబోతుంటే, అలేఖ్య ఒకే ప్రశ్న అడిగింది, యంత్రం పెట్టాక ఎన్నాళ్ళకు నీళ్ళలో దిగొచ్చని. మొదటి ఇద్దరూ ఆ ప్రశ్న ఎక్కడ నుంచి వచ్చిందో అర్థం కానట్టు చూశారు. మూడోవాడు మాత్రం, ఎప్పుడైనా దిగొచ్చు మేడమ్, మీ ఇష్టం అన్నాడు. అంటూ గౌతమ్ వైపు చూశాడు. డబ్బు ఇచ్చేవాడి ఇష్టమే ఇష్టమని వాడికి తెలుసు.

ఇందిరాదేవి ఓటు కూడా ఉప్పుకే పడింది. ఉప్పు దిష్టి తీసేస్తుంది, ఇంత పెద్ద ఇల్లు కట్టుకున్నాం, వచ్చేపోయేవాళ్ళ కళ్ళన్నీ మన మీదే అంది. స్కోరు ఉన్న యంత్రమే ఫస్టు ర్యాంకులో ప్యాసయింది. అలేఖ్యకు లోపల వెగటుగానే ఉంది. ఏ యంత్రమైతేనేం, నీళ్ళు నీళ్ళే, తను దిగుతుంది, ఈదుతుంది. అంతవరకు ఓర్చుకుంటే చాలనుకుంది.

యంత్రం బిగించడానికి వచ్చినతను ఆనంద్ కుమార్, ఎల్బీనగర్ మనిషి. ట్యాంకర్ నీళ్ళతో కొలను నింపి, ఉప్పు బస్తాలు విప్పి పోసి, పైపులు బిగించి, గౌతమ్ ఫోనులో యాప్ పెట్టిచ్చాడు. స్కోరు నెమ్మదిగా పైకెక్కి వందకు చేరింది. గౌతమ్ గట్టు మీద కుర్చీ వేసుకుని ఫోను వంకే చూస్తున్నాడు. ఎదురుగా అన్ని నీళ్ళు పెట్టుకుని ఫోనులో నీళ్ళు చూసే మనిషిని అలేఖ్య అంతకుముందు చూడలేదు. ఇది ఎప్పుడూ వందే ఉండాలంటే ఏం చెయ్యాలి అని అడిగాడు ఆయన.

"ఎప్పటికి వందే అంటే కష్టం సార్, మనుషులు దిగితే ఎట్లైనా జర తగ్గుతది. వందే ఉండాల్నంటే ఒక్కటే పని, నీళ్ళల్ల ఎవ్వరు దిగొద్దు" అని ఆనంద్ కుమార్ నవ్వాడు.

అది నవ్వులాటకు అన్న మాటేనని గోడకు కూడా అర్థమయ్యేలా ఉంది. గౌతమ్ నవ్వలేదు. తల ఊపాడు.

మర్నాటి నుంచి ఆయనకు కొత్త పని దొరికింది. పొద్దున్నే లేచి స్కోరు స్క్రీన్‌షాట్ తీసి బంధువుల గ్రూపులో పెడతాడు. దాని కింద ప్రసన్నకుమార్ చప్పట్లు పెడతాడు. చెల్లెలు దండాలు పెడుతుంది. తెనాలిలో ఉన్న పెదనాన్న శ్రీరామమూర్తి గారికి అదేమిటో తెలియక, ఆరోగ్యం జాగ్రత్త నాయనా అని దీవిస్తాడు. అలేఖ్య దిగుతానన్నప్పుడల్లా, ఇంకా స్టెబిలైజ్ అవ్వాలి, ఆగు అంటాడు. ఆ మాట అర్థం ఆయనకూ తెలియదు, బావ నోటి నుంచి ఊడిపడితే పట్టుకున్నాడు.

ఒకరోజు ఆయన ఇంకా నిద్ర లేవకముందే అలేఖ్య వెళ్ళి దిగేసింది. ఎప్పుడో కొని బీరువాలో దాచిన ఈత దుస్తులు వేసుకుంది. మెట్ల మీద నిలబడ్డప్పుడు భయం వేసింది, ఇన్నేళ్ళయింది, ఒళ్ళు మరిచిపోయి ఉంటే ఎలా అని. ఒళ్ళు మరవలేదు. ఒక్క తోపుతో నీళ్ళు ఆమెను ఎత్తుకున్నాయి. నడుములో ఏళ్ళుగా కూర్చున్న బరువు ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు ఈదింది, వెల్లకిలా తేలింది, నోట్లోకి పోయిన ఉప్పటి నీళ్ళు ఉమ్మి తనలో తనే నవ్వుకుంది. చాలా ఆనందంగా ఉంది. అంత ఆనందం తన ఇంట్లో దొరుకుతుందని ఆమె అనుకోలేదు.

అంతలో మేడ మీద తలుపు ధడాలున తెరుచుకుంది. గౌతమ్ లుంగీ ఎగగట్టుకుని, ఫోను చేత పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. పెళ్ళాం నీళ్ళలో మునిగిపోతోందని వచ్చాడేమో అనుకుంది ఆమె ఒక్క క్షణం. ఆ క్షణానికి ఆమె తరవాత తనను తానే తిట్టుకుంది.

"డెబ్బైకి పడిపోయింది. రెడ్‌లోకి వెళ్ళిపోయింది చూడు. ఏం చేశావు నువ్వు?"

"ఈదుతున్నానండీ."

"తలకు నూనె పెట్టుకుని దిగావా?"

"రాత్రి పెట్టుకున్నాను. నేను దిగితే నీళ్ళు పాడవుతాయా?"

"నిన్ను అనడం లేదు అలేఖ్యా. నూనె, చెమట, జుట్టు, ఇవన్నీ లోడ్. సిస్టమ్ తట్టుకోవాలి కదా. ముందు బయటికి రా, రికవర్ అవనీ."

ఆమె బయటికి వచ్చింది. తువ్వాలు కప్పుకుని నిలబడి ఆయన్ను చూసింది. ఆ మాట తీరు ఆమెకు కొత్త కాదు. సెంటరులో ఒక పద్ధతి ఉంది. పరీక్షలు దగ్గర పడగానే, నెగ్గేలా కనపడని పిల్లల్ని మెయిన్ బ్యాచి నుంచి మెల్లిగా జారవిడుస్తారు. నిన్ను అనడం లేదమ్మా, నువ్వు కొంచెం రికవర్ అవ్వాలి, ఈసారికి సొంతంగా రాసుకో అంటాడు గౌతమ్, ఇదే మెత్తటి గొంతుతో. వాళ్ళు పోగా మిగిలినవాళ్ళతో లెక్క కడితే సెంటరుకు నూటికి నూరు. ఎవరి పిల్లలో ఏడుస్తూ మెట్లు దిగి పోవడం అలేఖ్య కళ్ళారా చూసింది. ఇవాళ ఆ మెట్ల మీద తను నిలబడి ఉంది. ఆమెకు కోపం కూడా రాలేదు, రోత పుట్టింది.

ఆ వారంలోనే కొలను మీదికి మోటారుతో నడిచే మూత వచ్చింది. పిల్లలు పడిపోకుండా, అన్నాడు గౌతమ్. వాళ్ళకున్న ఒక్క కూతురు మృదుల బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. మూత తెరవాలంటే ఫోనులో నంబరు కొట్టాలి. నంబరు ఆయన దగ్గర ఉంది. అడిగితే తెరుస్తాను కదా అన్నాడు. అలేఖ్య అడిగింది. ఒకరోజు చుట్టాలు చూడ్డానికి వస్తున్నారన్నాడు, ఒకరోజు వాన నీళ్ళు కలిశాయన్నాడు, ఒకరోజు స్కోరు ఇన్నాళ్ళూ వరసగా వందలో ఉంది, ఇప్పుడు చెడగొట్టుకోవడం ఎందుకన్నాడు. చుట్టాలు వచ్చినప్పుడు మూత తెరుచుకునేది, నీలం లైట్లు వెలిగేవి, అందరూ గట్టు మీద నిలబడి ఆహా అనేవారు. నీళ్ళలో వేలు పెట్టబోయిన వాళ్ళను ఇందిరాదేవి వద్దు నాయనా అని వారించేది. కడుపు నిండా తినడానికి వండిన అన్నాన్ని పెళ్ళిపందిట్లో బొమ్మలా అలంకరించి పెట్టినట్టుంది ఆ వరస.

నడుము మాత్రం ఎవరి స్కోరు కోసమూ ఆగలేదు. వంగి చెప్పు తొడుక్కోవడం కష్టమైంది. రాత్రిళ్ళు పక్క మీద ఒత్తిగిలాలంటే మంచం పట్టె పట్టుకోవాల్సి వచ్చేది. ఈత కొడుతున్నారా అని డాక్టరు అడిగితే తల ఊపింది. ఇంట్లో కొలను పెట్టుకుని అబద్ధమాడినందుకు దారంతా సిగ్గుతో చచ్చిపోయింది. ఇంకొన్నాళ్ళు చూసి ఆపరేషన్ సంగతి ఆలోచిద్దామన్నాడు డాక్టరు.

యంత్రం రేకులు కడగడానికి ఆనంద్ కుమార్ వచ్చినప్పుడు ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. గౌతమ్‌కు ఫోను చేస్తే ఎక్కడి నుంచో మూత తెరిచాడు. ఆనంద్ కుమార్ నీళ్ళ వంక చూసి, ఎవ్వరు దిగుతలేరా మేడం, నీళ్ళు అద్దం లెక్కున్నయ్ అన్నాడు. అలేఖ్య ఉన్న సంగతి చెప్పింది. పరాయివాడి ముందు మొగుణ్ణి చులకన చేస్తున్నానన్న జంకు కూడా కలగలేదు. నవ్వులాటకు అంటే సార్ గట్ల పట్టుకున్నడా అన్నాడతను, చేతిలోని రేకు పక్కన పెట్టి. తన భార్య జోస్నా కార్పొరేషన్ ఈతకొలనులో ఆడవాళ్ళకు ఈత నేర్పుతుందనీ, కొత్తపేట దాటితే దగ్గరేననీ, పొద్దున పూట ఆడవాళ్ళకు వేరే బ్యాచి ఉందనీ చెప్పాడు.

కార్పొరేషన్ కొలను పలకలు కొన్ని ఊడిపోయాయి. క్లోరిన్ వాసన గేటు దగ్గరే ముక్కుకు తగులుతుంది. బట్టలు మార్చుకునే గదికి గడియ సరిగ్గా పడదు, ఒకరు మార్చుకుంటుంటే ఇంకొకరు తలుపు పట్టుకోవాలి. నీళ్ళలో మాత్రం మనుషులున్నారు. లావుపాటి టీచరమ్మలు, కాన్పు తరవాత ఒళ్ళు తగ్గాలని వచ్చిన చిన్నవయసు తల్లులు, గట్టు పట్టుకుని కాళ్ళాడిస్తూ కోడళ్ళ మీద చాడీలు చెప్పుకునే పెద్దవాళ్ళు. ఎవరి నూనె ఎవరి చెమట అని అడిగేవాళ్ళు లేరు. అలేఖ్య మొదటిరోజు ఆ చివరి దాకా ఈది తిరిగి వచ్చేసరికి జోస్నా గట్టు మీద నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏంది మేడం, గింత మంచిగ ఈదుతున్రు. ఇన్ని దినాలు ఏడున్నరు?"

ఆ ప్రశ్న వినగానే అలేఖ్య తల నీళ్ళలో ముంచి ఇంకోసారి ఆ చివరి దాకా ఈదింది. నీళ్ళలో ఉండటం మంచిదైంది, మొహం ఎలాగూ తడిసే ఉంది.

రోజూ వెళ్ళడం మొదలుపెట్టింది. గౌతమ్ పొద్దున్నే సెంటరుకు వెళ్ళిపోతాడు కనక అడిగేవాళ్ళు లేరు. కోడలు గుడికి వెళుతోందని ఇందిరాదేవి అనుకుంది. అలేఖ్య ఒంటి నుంచి క్లోరిన్ వాసన వస్తోందనీ, తల రోజూ తడిగా ఉంటోందనీ గౌతమ్ గమనించలేదు. ఫోనులో కబురు రాకపోతే ఆయనకు ఏ సంగతీ తెలియదు. నడుము నెమ్మదిగా దారికి వచ్చింది. చెప్పులు వంగి తొడుక్కుంటోంది. డాక్టరు ఈసారి ఆపరేషన్ ఊసెత్తలేదు.

అలా ఉండగా ఒక ఆదివారం రామమోహనరావు గారు వస్తున్నారని గౌతమ్ ఇల్లంతా హడావుడి చేశాడు. ఆయనకు వనస్థలిపురంలోనూ నల్లగొండలోనూ జూనియర్ కాలేజీలున్నాయి. ఆయనతో కలిసి ఒక కొత్త బ్రాంచి పెట్టాలని గౌతమ్ ఎన్నాళ్ళ నుంచో ఆయన చుట్టూ తిరుగుతున్నాడు. ఆయన ఇంట్లోనూ ఈతకొలను ఉందట, పాత పద్ధతిదట, దానికి ఉప్పు యంత్రం పెట్టించాలనుకుంటూ గౌతమ్‌ది ఒకసారి చూసిపోతానన్నాడట. ఇంతకంటే శుభశకునం ఏం కావాలి? ప్రసన్నకుమార్ ల్యాప్‌టాప్‌తో సహా హాజరయ్యాడు.

చెప్పిన వేళకంటే ముందే వచ్చేశారు రామమోహనరావు దంపతులు. అలేఖ్య ఆటో దిగి గేటు తీసేసరికి అందరూ కొలను గట్టు మీదే ఉన్నారు. మూత తీసి ఉంది, పట్టపగలే నీలం లైట్లు వెలుగుతున్నాయి. రామమోహనరావు గారు చేతులు వెనక్కి కట్టుకుని వింటున్నాడు. ఆయన భార్య విజయదుర్గ పట్టుచీరలో, మోకాళ్ళు వంచడం కష్టమై ఒక స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. అలేఖ్య నమస్కారం పెట్టి దగ్గరికి వచ్చింది. జడలోంచి నీళ్ళు వీపు మీదికి కారుతూనే ఉన్నాయి.

విజయదుర్గ ఆమెను ఎగాదిగా చూసి, ఇప్పుడే ఈత కొట్టి వస్తున్నారా అని అడిగింది. అలేఖ్య నోరు తెరిచేలోగా గౌతమ్ అందుకున్నాడు. ఆయనకు ఆ తడి జుట్టు ఆ రోజే, ఆ నిమిషానే కనపడింది.

"రోజూ కొడుతుందండీ. అసలు ఈ పూల్ మా ఆవిడ కోసమే కట్టించాను. చూడండి, జుట్టు కూడా ఆరలేదు. అయినా స్కోరు చూడండి, వందకు వంద. అదీ సిస్టమ్ అంటే" అని ఫోను రామమోహనరావు గారి మొహం ముందు పెట్టాడు.

అలేఖ్య భర్త మొహం వంక చూసింది. ఆ మొహం ఆమెకు బాగా తెలుసు. ఫలితాలు వచ్చిన రోజున దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో హోర్డింగు లేచినప్పుడు ఆయన మొహం ఇలాగే ఉంటుంది. ఎక్కడో చదువుకుని, ఎవరి దగ్గరో కష్టపడి ర్యాంకు తెచ్చుకున్న పిల్లల ఫొటోలు ఆ హోర్డింగు మీద ఉంటాయి. ఒక్క మాదిరి పరీక్ష మన దగ్గర రాసినా మనవాళ్ళే కదా అంటాడు. ఇవాళ ఆ బోర్డు మీదికి తనను ఎక్కించాడు. అబద్ధమాడుతున్నానన్న స్పృహ కూడా ఆయనలో లేదని ఆమెకు అర్థమైంది. జాలిపడదామని చూసింది గానీ జాలి రాలేదు.

"నేను ఈదింది ఇక్కడ కాదండీ" అంది విజయదుర్గతో. "కార్పొరేషన్ వాళ్ళ కొలనులో. టిక్కెట్టు కొనుక్కుని వెళతాను. మనుషులు దిగితే ఆ ఫోనులో మార్కులు తగ్గుతాయని ఈ నీళ్ళలోకి ఈయన ఎవరినీ దిగనివ్వరు. నేను దిగింది ఒక్కసారే, బయటికి రమ్మన్నారు."

ప్రసన్నకుమార్ ల్యాప్‌టాప్ మూత చప్పుడు కాకుండా మూశాడు. గౌతమ్ నవ్వబోయి, నవ్వు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఫోనులోకి చూశాడు. ఇందిరాదేవి కోడలి వైపు చూసిన చూపుకు చెట్టు మీది పచ్చికాయ కూడా రాలిపోయేదే.

ముందుగా తేరుకున్నది రామమోహనరావు గారే. ఆయన గౌతమ్ చేతిలోంచి ఫోను తీసుకుని ఆ పచ్చటి గుండ్రాన్ని కాసేపు పరీక్షగా చూశాడు. ఎవరూ దిగకపోతే ఎప్పుడూ ఇంతే ఉంటుందా అని అడిగాడు. ఉంటుందండీ అన్నాడు గౌతమ్ పీలగా. "మంచి పద్ధతే" అన్నాడు రామమోహనరావు గారు. అన్నది ఎగతాళికి కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. ఇద్దరూ ఒక బడిలో చదువుకున్నవాళ్ళే, ఒకరి పాఠం ఒకరికి వేరే విప్పి చెప్పక్కర్లేదు. ఆయన గౌతమ్ భుజం మీద చెయ్యి వేసి, యంత్రం పెట్టె ఎక్కడుందో చూపించమని అటు తీసుకుపోయాడు. నాలుగడుగులు వేసేసరికి గౌతమ్ వీపు మళ్ళీ నిటారుగా అయింది. కొత్త బ్రాంచి మాట అప్పుడే నడుస్తోంది.

గట్టు మీద ఆడవాళ్ళు మిగిలారు. ఇందిరాదేవి విసురుగా లోపలికి వెళ్ళిపోయింది. విజయదుర్గ స్తంభాన్ని వదిలి, మోకాలు పట్టుకుని, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ అలేఖ్య దగ్గరికి వచ్చింది. మగవాళ్ళు వెళ్ళినవైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"అక్కడ ఆడవాళ్ళకు వేరే బ్యాచి ఉందా అమ్మా? ఈత రానివాళ్ళను రానిస్తారా?"

"రానిస్తారండీ. నేర్పడానికి జోస్నా అని ఒకామె ఉంది."

"మా ఇంట్లో పూల్ కట్టి మూడేళ్ళయింది. నా మోకాళ్ళ కోసమే కట్టించామని వచ్చినవాళ్ళందరికీ చెబుతారు ఈయన. నేను ఇంతవరకు అందులో కాలు పెట్టలేదు."

అలేఖ్య ఆమె చెయ్యి పట్టుకుంది. రేపు పొద్దున్నే గేటు దగ్గరికి రమ్మని, టిక్కెట్టు తనే తీసి ఉంచుతానని చెప్పింది.